బంగ్లాదేశ్ పేదరికం నుంచి ఎలా బయటపడుతోంది: తరచుగా అడిగే ప్రశ్నలు

పేద దేశాలు ఎలా పైకొస్తాయన్న చర్చ వచ్చినప్పుడల్లా నేను బంగ్లాదేశ్ పేరు ఎత్తుతాను. ఎత్తిన ప్రతిసారీ దాదాపు అవే అనుమానాలు వస్తాయి. విద్యార్థులు అడిగేవి, పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు అడిగేవి, కేవలం ఆసక్తితో అడిగేవి అన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## మొదలు ఎలా ఉంది

పైకొచ్చిన దేశాలంటే కొరియా, చైనా ఉన్నాయి కదా, బంగ్లాదేశ్‌నే ఎందుకు తీసుకుంటారు?

కొరియా, చైనాల్లో ప్రభుత్వ యంత్రాంగం గట్టిది, అనుకున్నది చేయించగలదు. చాలా పేద దేశాలకు అలాంటి యంత్రాంగం లేదు. బంగ్లాదేశ్‌కూ లేదు. చమురు లేదు, చెప్పుకోదగ్గ ఖనిజాలు లేవు, కాలు పెట్టడానికి చోటు లేనంత జనం, ఏటా వరదలు. అలాంటి చోట 1970 ప్రాంతంలో పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో 220 మందికి పైగా ఐదేళ్ళు నిండకుండానే చనిపోయేవారు. ఇప్పుడు ఆ సంఖ్య 30 దగ్గరికి వచ్చింది. జాతీయ పేదరిక రేఖకు దిగువన ఉన్నవాళ్ళు 2000లో 48.9 శాతం, 2022లో 18.7 శాతం. ఆరోగ్యంలో వచ్చిన మార్పు చాలావరకు దేశం ఇంకా కటిక పేదగా ఉన్నప్పుడే మొదలైంది. డబ్బు వచ్చేదాకా ఆగనక్కర్లేదని చూపించిన దేశం కాబట్టే దీన్ని ఎంచుకుంటాను.

1971లో పరిస్థితి నిజంగా అంత ఘోరమా, లేక పెంచి చెబుతున్నారా?

పెంచి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. 1970 నవంబరు తుపానులో కనీసం 3 లక్షల మంది పోయారు. మరుసటి ఏడు పాకిస్తాన్ నుంచి విడిపోయే యుద్ధం. కోటి మంది దాకా సరిహద్దు దాటి భారత్‌కు వచ్చారు. వంతెనలు కూలాయి, రేవులు పాడయ్యాయి. తిరిగొచ్చినవాళ్ళకు ఇల్లూ లేదు, విత్తనమూ లేదు. మూడేళ్ళకే కరువు. ఈ దేశం సొంతంగా నిలబడదని బయటివాళ్ళు చాలామంది తేల్చేశారు.

1974 కరువు పంటలు పోవడం వల్లే వచ్చిందా?

వరదలు వచ్చిన మాట నిజమే. కానీ తలసరి లెక్క చూస్తే ఆ ఏడాది దేశంలో ఉన్న ధాన్యం అటూ ఇటూ ఉన్న కొన్నేళ్ళ కంటే తక్కువేమీ కాదని అమర్త్య సేన్ చూపించారు. వరద వల్ల పొలం పనులు ఆగాయి, కూలీల చేతికి డబ్బు రాలేదు. పంట పోతుందన్న భయంతో నిల్వలు దాచారు, బియ్యం ధర కొండెక్కింది. రంగ్‌పూర్ వైపు భూమి లేని కూలీలు ఎక్కువగా చనిపోయారు. అదే సమయంలో, క్యూబాకు జనపనార సంచులు అమ్మారన్న కారణంతో అమెరికా తిండిగింజల సాయాన్ని ఆపింది. ప్రభుత్వం చెప్పిన మృతుల సంఖ్య 26 వేల పైచిలుకు, బయటి అంచనాలు దానికి ఎన్నో రెట్లు. బియ్యం ఉండటం వేరు, కొనుక్కోగలగడం వేరు అన్న సంగతిని ఆ దేశ పాలకులు ఆ తర్వాత మరిచిపోలేదు.

ముందు ఏది రావాలి: చదువా, రోడ్లా, ఫ్యాక్టరీలా?

ఈ ప్రశ్నకు ఒకే వరస చెప్పేవాళ్ళను నేను నమ్మను. బంగ్లాదేశ్‌లో పిల్లల ప్రాణాలు నిలబెట్టే పని, కుటుంబ నియంత్రణ 1970ల చివర, 80లలో ఊపందుకున్నాయి. గార్మెంట్ ఫ్యాక్టరీలూ దాదాపు అప్పుడే పుట్టాయి కానీ లక్షల ఉద్యోగాలు ఇచ్చింది 90ల నుంచి. జమునా నది మీద పెద్ద వంతెన 1998లో గానీ రాలేదు. అంటే రోడ్లూ కరెంటూ సరిగ్గా లేనప్పుడే జనం బతుకు మెరుగుపడటం మొదలైంది. అలాగని ఆరోగ్యం, చదువు ఉంటే చాలు, ఆదాయం దానంతట అదే వస్తుందనీ కాదు. జీతం ఇచ్చే పని దొరకకపోతే ఆ మెరుగు సగంలో ఆగిపోయేది.

## ఇంటి గడప దాకా చేరినవి

డాక్టర్లు, ఆస్పత్రులు లేకుండా పిల్లల మరణాలు ఎలా తగ్గాయి?

టీకాలు ఒక పెద్ద కారణం. రెండోది ఉప్పు, బెల్లం, నీళ్ళు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

విరేచనాలతో పిల్లలు చనిపోయేది ఒంట్లో నీరు, లవణాలు పోవడం వల్ల. అప్పట్లో సెలైన్ ఎక్కించడమే మందు. దానికి ఆస్పత్రి కావాలి, సూది కావాలి, నర్సు కావాలి. తగిన పాళ్ళలో ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు నోటితో తాగించినా కలరా రోగి బతుకుతాడని 1968లో ఢాకాలోని కలరా పరిశోధనశాలలో తేలింది. 1971 యుద్ధంలో సరిహద్దుకు ఇటువైపు బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఈ నీళ్ళు కలిపించి, బంధువుల చేతే రోగులకు తాగించారు. ఆయన శిబిరంలో మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి.

దీన్ని ప్రతి ఇంటికీ చేర్చింది బ్రాక్ అనే బంగ్లాదేశ్ స్వచ్ఛంద సంస్థ (ఎన్జీవో). 1980 నుంచి పదేళ్ళలో దాని మహిళా కార్యకర్తలు సుమారు 1.2 కోట్ల ఇళ్ళకు వెళ్ళారు. పొట్లాలు పంచలేదు. తల్లి పక్కన కూర్చుని, ఆ ఇంటి గిన్నెలోనే కలిపించారు: మూడు వేళ్ళతో తీసిన చిటికెడు ఉప్పు, ఒక గుప్పెడు బెల్లం, అర్ధసేరు నీళ్ళు. కొన్ని వారాల తర్వాత వేరే మనిషి వచ్చి కొందరు తల్లుల్ని ఎంచుకుని మళ్ళీ చేయించి చూసేవాడు. తల్లికి ఎంత గుర్తుందన్నదాన్ని బట్టే కార్యకర్త జీతం. ఎన్ని ఇళ్ళు తిరిగావు అన్నది లెక్క కాదు.

మొదట్లో తల్లులకు పద్ధతి గుర్తున్నా వాడేవాళ్ళు తక్కువ. ఎందుకని ఆరా తీస్తే, కొంతమంది కార్యకర్తలకే దాని మీద నమ్మకం లేదని తెలిసింది. వాళ్ళను ఢాకా ఆస్పత్రికి తీసుకెళ్ళి, రోగులు లేచి కూర్చోవడం చూపించారు. ఇంట్లో మగవాళ్ళకు చెప్పకుండా ఆడవాళ్ళకే చెబుతున్నారన్న కోపం కూడా ఉంది. అప్పుడు సంతల్లో, మసీదుల దగ్గర మగవాళ్ళతోనూ మాట్లాడటం మొదలుపెట్టారు. అభివృద్ధి గురించి చదివినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చిన పని ఇదే. తప్పు జరిగితే జనానికి తెలివి లేదని తేల్చేయకుండా, తాము చెప్పే తీరులో లోపం వెతుక్కున్నారు.

పిల్లల్ని తక్కువ కనాలని ఒత్తిడి చేశారా? మన ఎమర్జెన్సీలో జరిగినట్టు?

పెద్ద ఎత్తున అలా జరగలేదు. 1975లో పెళ్ళైన ఆడవాళ్ళలో గర్భనిరోధక పద్ధతులు వాడేవాళ్ళు 8 శాతం, 2014 నాటికి 62 శాతం. ఒక్కో తల్లికి సగటున ఆరుగురికి పైగా ఉన్న పిల్లల సంఖ్య రెండున్నర కంటే తక్కువకు వచ్చింది. పరదా వల్ల ఆడవాళ్ళు క్లినిక్‌కు రాలేరు కాబట్టి ప్రభుత్వం వేలమంది చదువుకున్న గ్రామీణ యువతుల్ని ఉద్యోగంలో పెట్టి ఇంటింటికీ పంపింది. మాత్ర కావాలా, ఇంజెక్షన్ కావాలా అన్నది ఆ ఇల్లాలి ఇష్టం. ఏమైనా ఇబ్బంది వస్తే మళ్ళీ వచ్చి చూసే మనిషి ఉండేది. మత్‌లబ్ అనే ప్రాంతంలో 1977 నుంచి కొన్ని ఊళ్ళకు ఈ సేవ ఇచ్చి, మిగతా ఊళ్ళను పోలికకు ఉంచారు. సేవ అందిన ఊళ్ళలో కాన్పులు స్పష్టంగా తగ్గాయి. స్టెరిలైజేషన్ చేయించుకున్నవాళ్ళకు డబ్బు, చీర ఇచ్చిన కాలం ఒకటుంది, దాని మీద విమర్శలూ వచ్చాయి. ఆ విమర్శల్లో న్యాయం ఉందనే నేను అనుకుంటాను.

ముస్లిం దేశంలో ఆడపిల్లలు అంతమంది హైస్కూలుకు ఎలా వెళ్ళారు?

మతం పేరుతో అడ్డుకున్నవాళ్ళు ఉన్నారు, 1990లలో కొన్నిచోట్ల బడుల మీద దాడులూ జరిగాయి. కానీ తల్లిదండ్రుల్లో ఎక్కువమందిని ఆపింది ఖర్చు, దూరం, బడిలో అంతా మగ టీచర్లే ఉండటం. బ్రాక్ 1985లో ఒకే గది బడులు మొదలుపెట్టింది: ఊళ్ళోనే, సుమారు 30 మంది పిల్లలు, చాలావరకు ఆ ఊరి ఆవిడే టీచరు. 1994 నుంచి ప్రభుత్వం గ్రామాల్లో హైస్కూలు ఆడపిల్లలకు స్టైపెండ్ ఇచ్చింది. షరతులు మూడు: 75 శాతం హాజరు, 45 శాతం మార్కులు, పెళ్ళి కాకుండా ఉండటం. డబ్బు పిల్ల పేరున ఉన్న బ్యాంకు ఖాతాలో పడేది. కొన్నేళ్ళలోనే హైస్కూళ్ళలో అబ్బాయిలతో సమానంగా అమ్మాయిలు చేరారు. అయితే బాల్యవివాహాలు ఆగిపోలేదు. 2019 సర్వే ప్రకారం 20–24 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు సగం మందికి 18 లోపే పెళ్ళైపోయింది. చదువు ఏం నేర్పుతోందన్న ప్రశ్న కూడా అలాగే ఉంది.

అంతా ఎన్జీవోలే చేస్తే ప్రభుత్వం ఏం చేసినట్టు?

అడ్డుపడకపోవడం మొదటి మేలు. చాలా దేశాల్లో అదీ జరగదు. టీకాలు, కుటుంబ నియంత్రణ, స్టైపెండ్లు, రోడ్లు ప్రభుత్వం పనే. ఫజ్లే హసన్ ఆబెద్ షెల్ కంపెనీలో అకౌంట్స్ చూసిన మనిషి. లండన్‌లో ఉన్న ఫ్లాట్ అమ్మి, 1972లో సిల్హెట్ వైపు సుల్లా అనే మారుమూల చోట బ్రాక్ పని మొదలుపెట్టారు. ఆయనలాంటివాళ్ళు దేశమంతా విస్తరించడానికి ప్రభుత్వం చోటిచ్చింది. దీనికి ఒక చెడ్డ వైపూ ఉంది. సేవలు ఇంకెవరో చూసుకుంటున్నారులే అని ప్రభుత్వాస్పత్రులు, బడుల నాణ్యత మీద ఒత్తిడి తగ్గింది. పన్ను వసూళ్ళు జీడీపీలో పదో వంతుకు కూడా చేరడం లేదు.

తుపానుల మరణాలు తగ్గాయంటారు, అది నిజమేనా?

నిజం. 1970లో 3 లక్షలకు పైగా, 1991లో సుమారు 1.38 లక్షలు, 2007 సిడ్ర్ తుపానులో 3,400 ప్రాంతం. 1972లో మొదలైన తుపాను హెచ్చరికల వ్యవస్థలో ఊరూరా వలంటీర్లున్నారు. మైకు పట్టుకుని, జెండాలు ఎగరేసి, తలుపు తట్టి జనాన్ని షెల్టర్లకు తరలిస్తారు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా జనాన్ని పోగొట్టుకున్న మనకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

## చేతికి డబ్బు వచ్చిన దారి

ఫ్యాక్టరీలు వచ్చాయి సరే, పల్లెల్లో వ్యవసాయం సంగతేంటి?

దీన్ని చాలామంది వదిలేస్తారు. 1971 నుంచి జనాభా రెండింతలు దాటితే బియ్యం ఉత్పత్తి మూడింతలు దాటింది. 1980ల చివర చిన్న డీజిల్ ఇంజిన్ల దిగుమతి మీద ఆంక్షలు సడలించారు. రైతులు లోతు తక్కువ బోర్లు వేసుకుని చలికాలపు బోరో వరి పండించడం మొదలుపెట్టారు. ఇంజిన్ లేనివాళ్ళు పక్క రైతు దగ్గర నీళ్ళు కొనుక్కున్నారు. బియ్యం ధర అదుపులో ఉంటే కూలివాడి జీతం నిలుస్తుంది. కానీ అలాంటి లోతు తక్కువ బోర్ల నీళ్ళు తాగేందుకు వాడిన చాలాచోట్ల ఆర్సెనిక్ బయటపడింది. కోట్లమంది ఆ విషాన్ని ఏళ్ళ తరబడి తాగారు. ఇప్పటికీ పూర్తిగా పరిష్కారం కాలేదు.

బట్టలు కుట్టడం ఆ దేశానికి ఎలా అబ్బింది?

కొంత కోటాల వల్ల, కొంత ఒక ఒప్పందం వల్ల. ధనిక దేశాలు 1974 నుంచి ఒక్కో దేశం ఎన్ని బట్టలు అమ్మవచ్చో పరిమితి పెట్టాయి. కొరియా కోటా నిండిపోయింది, బంగ్లాదేశ్ కోటా ఖాళీగా ఉంది. అందుకే కొరియా కంపెనీ దేవూ 1970ల చివర్లో దేశ్ గార్మెంట్స్ అనే చిట్టగాంగ్ కంపెనీతో చేతులు కలిపింది. 130 మందిని కొరియాలోని బూసాన్‌కు తీసుకెళ్ళి ఆరు నెలలు పని నేర్పింది. 1980లో దేశ్ కుట్టింది 43 వేల చొక్కాలు. తర్వాతి కొన్నేళ్ళలో ఆ 130 మందిలో 115 మంది బయటికి వెళ్ళిపోయారు. కొందరు సొంత ఫ్యాక్టరీలు పెట్టారు, కొందరు ఇతరుల ఫ్యాక్టరీలు నడిపారు. దేశ్‌కు అది నష్టమే, దేశానికి మాత్రం పరిశ్రమ దక్కింది.

ప్రభుత్వం చేసిన రెండు మార్పులు లేకపోతే ఇది ఇంతదాకా వచ్చేది కాదు. ఒకటి బాండెడ్ గోదాము: ఎగుమతి కోసం తెచ్చిన గుడ్డకు సుంకం కట్టక్కర్లేదు. రెండోది బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ. ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్) అంటే సరుకు పంపితే డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం. విదేశీ కొనుగోలుదారు పంపిన ఎల్‌సీని బ్యాంకులో పెడితే, దాని మీద గుడ్డ కొనడానికి బ్యాంకు ఇంకో ఎల్‌సీ ఇస్తుంది. చొక్కాలు అమ్ముడయ్యాక గుడ్డ డబ్బు చెల్లిస్తారు. దీంతో మిషన్లు కొనే స్తోమత ఉన్నవాడు గుడ్డకు పెట్టుబడి లేకుండానే ఫ్యాక్టరీ పెట్టగలిగాడు. నా దృష్టిలో ఇది ఏ సబ్సిడీ కంటే పెద్ద సాయం. 2005లో కోటాలు ఎత్తేశాక చైనా అంతా ఊడ్చుకుపోతుందని భయపడ్డారు, అలా జరగలేదు. ఈ రోజు దేశ సరుకుల ఎగుమతుల్లో 80 శాతానికి పైగా బట్టలే.

అంత తక్కువ జీతానికి ఆడవాళ్ళతో పని చేయించడం దోపిడీ కాదా?

జీతం తక్కువే. 2023 చివర్లో ఆందోళనలు చేస్తే గానీ కనీస వేతనం నెలకు 8,000 టాకాల నుంచి 12,500కి పెరగలేదు. దానితో ఢాకాలో బతకడం కష్టం. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో గార్మెంట్ ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడల్లో పగుళ్ళు కనిపించాయి. కింద ఉన్న బ్యాంకు తన ఉద్యోగుల్ని ఇంటికి పంపేసింది. పైన కుట్టుమిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళను మాత్రం మర్నాడు లోపలికి రమ్మన్నారు. అది నేరం. ఆ తర్వాత విదేశీ బ్రాండ్లు, కార్మిక సంఘాలు చట్టపరంగా కట్టుబడే భద్రతా ఒప్పందం చేసుకున్నాయి, వందల ఫ్యాక్టరీల్లో తనిఖీలు, మరమ్మతులు జరిగాయి.

ఇంకో వైపు, ఫ్యాక్టరీలకు దగ్గరున్న ఊళ్ళలో అమ్మాయిలు ఎక్కువ కాలం చదువుతున్నారని, పెళ్ళి ఆలస్యంగా చేసుకుంటున్నారని అధ్యయనాలు చెబుతున్నాయి. లెక్కలు వస్తే ఉద్యోగం వస్తుందని తల్లిదండ్రులకు తెలిసింది. ఈ రెండూ నిజాలే. ఫ్యాక్టరీలు మూసేయమని కార్మికులెవరూ అడగడం లేదు, ప్రాణభయం లేని పని, బతకడానికి సరిపడే జీతం అడుగుతున్నారు. వాళ్ళ పక్షమే నా పక్షం.

గ్రామీణ్ బ్యాంకు చిన్న అప్పుల వల్లే పేదరికం తగ్గిందా?

అంత ఘనత దానికి ఇవ్వలేం. మహమ్మద్ యూనస్ 1976లో జోబ్రా అనే ఊళ్ళో మొదలుపెట్టారు, 1983లో అది బ్యాంకు అయింది, 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. వడ్డీవ్యాపారి నుంచి ఊరట, ఆపదలో చేతికందే డబ్బు, ఆడవాళ్ళు పదిమందిలో కూర్చుని మాట్లాడే అలవాటు: ఇవి చిన్న విషయాలు కావు. కానీ హైదరాబాద్ బస్తీల్లో 2005 నుంచి చేసిన పెద్ద అధ్యయనంలో, అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్ళకు కొంత లాభం కనిపించింది తప్ప, పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లుబాటులో తేడా కనిపించలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకే ఇంటికి నాలుగైదు కంపెనీలు అప్పులిచ్చి, వసూళ్ళకు వేధించి, ఆత్మహత్యల దాకా వెళ్ళాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. అప్పు ఆదాయం కాదు, తీర్చాల్సిన భారం. దాన్ని మోయగల సంపాదన ఉంటేనే పనికొస్తుంది.

గల్ఫ్ డబ్బు పాత్ర ఎంత?

చాలా ఎక్కువ. విదేశాల్లో ఉన్నవాళ్ళంతా కలిపి ఏటా 2,000 కోట్ల డాలర్లకు పైగా ఇంటికి పంపుతున్నారు, అందులో పెద్ద భాగం గల్ఫ్ నుంచే. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళను అడిగితే క్యాంపులో పక్క మంచం బంగ్లాదేశీదేనని చెబుతారు. ఆ డబ్బు నేరుగా ఇంటికి చేరుతుంది, ఇల్లు కడుతుంది, పిల్లల ఫీజు కడుతుంది. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పే పెద్ద టెన్షన్, మొదటి ఏడాది రెండేళ్ళ సంపాదన దానికే పోతుంది.

విదేశీ సాయం లేకపోతే ఇదంతా జరిగేదా?

మొదటి ఇరవై ఏళ్ళు జరిగేది కాదు. ఆ తర్వాత ఎగుమతులు, గల్ఫ్ డబ్బు సాయాన్ని దాటేశాయి. 2012లో అవినీతి ఆరోపణలతో ప్రపంచ బ్యాంకు పద్మా వంతెనకు ఇస్తానన్న 120 కోట్ల డాలర్ల రుణాన్ని రద్దు చేసింది. 6.15 కిలోమీటర్ల ఆ వంతెనను దేశం సొంత డబ్బుతో కట్టుకుని 2022 జూన్‌లో ప్రారంభించింది.

## ఇప్పుడు, ఇకముందు

బంగ్లాదేశ్ భారత్‌ను దాటేసిందంటారు, నిజమా?

2020లో ఐఎంఎఫ్ అంచనాలో తలసరి జీడీపీ బంగ్లాదేశ్‌కు 1,888 డాలర్లు, భారత్‌కు 1,877 డాలర్లు. కోవిడ్ ఏడాది లెక్క అది, మారక విలువ మీద ఆధారపడింది, దాని మీద అంత గొడవ అనవసరం. ఆలోచించాల్సింది ఇంకొకటి. ఆదాయంలో మనకంటే వెనకబడి ఉన్న రోజుల్లోనే వాళ్ళు పసిపిల్లల మరణాలు తగ్గించడంలో, బహిరంగ మలవిసర్జన ఆపడంలో మనకంటే ముందున్నారు.

ఇంత బాగుంటే 2024లో జనం ఎందుకు తిరగబడ్డారు?

చదువుకున్న కుర్రాళ్ళకు తగ్గ ఉద్యోగాలు లేవు. ఉన్న కొద్ది ప్రభుత్వోద్యోగాల్లో 30 శాతం స్వాతంత్ర్య సమరయోధుల వారసులకు ఇచ్చే కోటాను కోర్టు ఆ జూన్‌లో మళ్ళీ తెచ్చింది. దాని మీద మొదలైన విద్యార్థుల ఉద్యమాన్ని కాల్పులతో అణచబోయారు. 1,400 మంది దాకా చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి అంచనా. ఆగస్టు 5న అప్పటి ప్రధాని షేక్ హసీనా దేశం విడిచి వెళ్ళారు. అప్పటికే ఎన్నికల మీద నమ్మకం పోయింది, బ్యాంకుల్లో పలుకుబడి ఉన్నవాళ్ళ మొండి బకాయిలు పేరుకుపోయాయి, ధరలు మండుతున్నాయి. జీడీపీ పెరుగుతోందని చెబితే, మాట్లాడే హక్కు లేకపోవడాన్ని జనం భరించాలని ఎక్కడా లేదు.

అతి పేద దేశాల జాబితా నుంచి బయటికొస్తే నష్టం ఏంటి?

ఆ జాబితాలో ఉన్నందుకు యూరప్‌లో బట్టలకు సుంకం లేదు, మందుల పేటెంట్లలో మినహాయింపు ఉంది. 2021లో ఐక్యరాజ్యసమితి 2026 నవంబరు 24ను నిష్క్రమణ తేదీగా పెట్టింది. బయటికొచ్చాక ఆ వెసులుబాట్లు దశలవారీగా పోతాయి. ఒకే సరుకు మీద నిలబడ్డ ఎగుమతులకు ఇది గట్టి పరీక్ష.

అక్కడ పనిచేసిన పథకాన్ని తెచ్చి మన ఊళ్ళో పెడితే పనిచేస్తుందా?

ఒక ఉదాహరణ చెబుతాను. బ్రాక్ 2002లో కటిక పేదల కోసం ఒక పథకం తెచ్చింది: ఒక ఆవో మేకలో ఇస్తారు, కొన్నాళ్ళు ఇంటి ఖర్చుకు కొంత డబ్బు, శిక్షణ, వారం వారం వచ్చి చూసే మనిషి, మొత్తం రెండేళ్ళు. ఇథియోపియా నుంచి పెరూ దాకా ఆరు దేశాల్లో పరీక్షిస్తే చాలాచోట్ల పథకం ముగిసిన ఏడాది తర్వాత కూడా ఆ కుటుంబాలు మెరుగ్గానే ఉన్నాయి.

అలాంటిదే మెదక్ జిల్లాలో పెట్టారు. పశువుల మీద ఆదాయం పెరిగింది, కూలి మీద వచ్చేది దాదాపు అంతే తగ్గింది. పథకం అందని పొరుగు ఇళ్ళవాళ్ళ కూలి సంపాదన కూడా అదే సమయంలో పెరుగుతూ వచ్చింది. చివరికి రెండు రకాల కుటుంబాల మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. చాలామంది పశువుల్ని అమ్మి పాత అప్పులు తీర్చుకున్నారు. అక్కడి ఆడవాళ్ళు వేసుకున్న లెక్క సరైనదే: కూలి దొరికేచోట, గేదెను మేపుతూ ఇంటిపట్టున ఉంటే ఆ రోజు కూలి పోతుంది.

కాబట్టి ఏ పథకం తెచ్చినా ముందు ఆ ఊళ్ళో కూలి ఎంత, ఏడాదికి ఎన్ని రోజులు దొరుకుతుంది, ఏ ఇంటికి ఎవరి దగ్గర ఎంత బాకీ ఉంది అన్నవి కనుక్కోవాలి. వాటిని చెప్పగలిగేది ఆ ఊరి ఆడవాళ్ళే.